కొలెస్ట్రాల్ తగ్గిందని నేను మెచ్చుకున్న రోజు

రాయ్‌పూర్‌లో ఒక కేన్సర్ ఆసుపత్రి లాబ్‌లో నేను ఇరవై రెండేళ్ళు రక్తం పరీక్షించాను. రెండువేల సంవత్సరంలో చేరాను, కోవిడ్ గొడవ సద్దుమణిగాక దిగిపోయాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించీ, రాని ప్రమోషన్ల గురించీ ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ ఒక్క శాంపిల్ కూడా సరిగ్గా చెయ్యలేరు.

లాబ్ కోర్సు ముగించి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఈమధ్య మా ఇంటికి వస్తున్నారు. ఏ మెషిన్ మీద చెయ్యి తిరిగితే మంచిదని అడుగుతారు. మెషిన్ వారంలో వస్తుంది. వారంలో రానిది, నాకు పదమూడేళ్ళకు గానీ రానిది ఒకటుంది. కౌంటరు అవతల నిలబడ్డ మనిషికి మనం కాగితం మీద ఒక అంకె ఇస్తాం. దాంతోపాటు మనకు తెలియకుండానే ఇంకేదో ఇస్తాం. ఆ ఇంకేదో ఏమిటన్నదే అసలు ఉద్యోగం.

దీన్ని చెప్పడానికి నాకు కొలెస్ట్రాల్ చాలు. అంత చెడ్డపేరు మోస్తున్న పదార్థం ఇంకోటి లేదు. చదువుకున్నవాళ్ళు దాన్ని విషమంటారు. చదువుకోనివాళ్ళు చదువుకున్నవాళ్ళ మాట విని విషమంటారు. నిజానికి అది లేకపోతే మన ఒంట్లో ఒక్క కణం కూడా నిలబడదు. కణం గోడకు గట్టిదనం ఇచ్చేది అదే. లివర్‌లో పైత్యరసం తయారయ్యేది దాని నుంచే. ఆడవాళ్ళ హార్మోన్లూ మగవాళ్ళ హార్మోన్లూ దాని నుంచే పుడతాయి. ఇంత పని చేసేదాన్ని పట్టుకుని అందరూ గుండెపోటు అనే ఒక్క నేరం కింద జైల్లో వేశారు. ఆ నేరం నిజమే. కానీ మనిషిని ఒక్క నేరంతోనే చదివితే ఎలా ఉంటుందో, పదార్థాన్ని చదివినా అలాగే ఉంటుంది.

పాలలాంటి సీరం

చేరిన రెండో ఏడు. లుకేమియా ఉన్న ఆరేళ్ళ పాప రక్తం వచ్చింది. సెంట్రిఫ్యూజ్ తిప్పి తీస్తే పైన తేలిన సీరం లేత పసుపురంగులో ఉండాలి. ఇది పాలలాగా ఉంది. కొవ్వు నిండిన సీరం. నేను ట్యూబు పట్టుకుని బయటికి వెళ్ళి ఆ పాప తల్లిని నలుగురిలో నిలదీశాను. ఖాళీ కడుపుతో తెమ్మంటే పొద్దున్నే పూరీలు పెట్టి తెచ్చావా అని. ఆవిడ ఛత్తీస్‌గఢీలో ఏదో చెప్పబోయింది. నేను విన్లేదు. శాంపిల్ పనికిరాదని కొట్టేసి చెత్తబుట్టలో పడేసి, రేపు రమ్మన్నాను.

మా హెడ్ డాక్టర్ మిశ్రా. నుదుట తిలకం, సోమవారం ఉపవాసం, లాబ్ తలుపు తీసే ముందు గడపకు నమస్కారం. హేతువాదినైన నాకు ఆయన్ని చూస్తే లోపల నవ్వొచ్చేది. ఆయన ఆ కొట్టేసిన ట్యూబును చెత్తబుట్టలోంచి తీయించి వెలుతురుకి పట్టి చూశారు.

"పాప పూరీ తిన్నట్టు ఎవరు చూశారు?" అని హిందీలో అడిగారు.

"సీరం చూస్తే తెలుస్తోంది కదా సార్."

"సీరం పూరీ అని చెప్పదు, కొవ్వు అని చెబుతుంది. పూరీ అన్నది మీరు."

ఆ పాపకు ఇస్తున్న ఒక ఇంజెక్షనూ, దాంతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలూ కలిసి రక్తంలో కొవ్వును అలా పెంచగలవు. డాక్టరుకి వెంటనే తెలియాల్సిన సంగతి అది. నేను దాన్ని పూరీల నేరం కింద రాసి చెత్తబుట్టలో వేశాను. మిశ్రా సారే వార్డుకి ఫోన్ చేశారు. తర్వాత నన్ను ఆ తల్లి దగ్గరికి పంపి క్షమాపణ చెప్పించారు. ఆవిడ "కోయి బాత్ నహీ దీదీ" అంది, పర్లేదక్కా అని. నాకు మాత్రం తిట్టినా బాగుండేదనిపించింది.

పాఠం ఒకటి. మందును అనుమానించకముందే మనిషిని అనుమానించకండి.

బల్ల దగ్గర ప్రసంగాలు

మా నాన్న రైల్వేలో గార్డు. కాకినాడ దగ్గర నుంచి వచ్చి రాయ్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డాడు. ప్రతి ఆదివారం పొద్దున్న క్వార్టర్ ముందు నాలుగు కుర్చీలు వేసి తెలుగువాళ్ళందరినీ కూర్చోబెట్టి చర్చ పెట్టేవాడు. వితంతు వివాహం, కులం, దేవుడు, జాతకాలు, ఏదైనా సరే. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే" అని వాడు ఒప్పుకున్నాకే ఖండించడం మొదలుపెట్టాలి. పాత తార్కికులు పూర్వపక్షం అన్నది ఇదే. నాన్న దాన్ని పండితుల చేతుల్లోంచి లాక్కుని గార్డులకీ, పాయింట్స్‌మెన్లకీ పంచాడు. నేను పన్నెండేళ్ళకే ఆ కుర్చీల్లో కూర్చుని పెద్దవాళ్ళతో పోట్లాడాను. ఖండించడం బాగా వంటబట్టింది. ముందు చెప్పాల్సిన సగం అంత బాగా పట్టలేదని తర్వాత తెలిసింది.

లాబ్‌లో నా పేరు నిలబడింది రాయ్‌పూర్ దగ్గర తిల్దా నుంచి వచ్చిన ఒక రైస్‌మిల్లు గుమాస్తా వల్ల. కడుపులో కేన్సర్. ప్రతిసారీ కొలెస్ట్రాల్ తగ్గుతూ వస్తోంది. రిపోర్టులో ఎక్కువైతే అంకె పక్కన గుర్తు పడుతుంది, తక్కువైతే ఎవరూ చూడరు. ఆయన కొడుకులు సంతోషంగా ఉన్నారు. కొవ్వు మానేస్తే కేన్సర్ మాడి చస్తుందని ఎవరో చెబితే గుడ్డు, పాలు, నెయ్యి, పప్పులో నూనె కూడా ఆపేశారట. కేన్సర్ ముదిరినా, తిండి తగ్గినా, లివర్ దెబ్బతిన్నా కొలెస్ట్రాల్ పడిపోవచ్చు. బయట నుంచి రాకపోతే లివర్ సొంతంగా చేసుకుంటుంది, కాబట్టి పథ్యంతో మాడేది కేన్సర్ కాదు, రోగి. ఇది నేను పట్టుకుని డాక్టరుకీ, డైటీషియన్‌కీ చెప్పాను. ఆయనకు తిండి మళ్ళీ మొదలైంది. తర్వాతి కీమోకు తట్టుకున్నాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

నాకు కొమ్ములొచ్చాయి. శాంపిల్ ఇచ్చే కౌంటరు పక్కన ఒక బల్ల వేయించుకుని, మంగళవారం మధ్యాహ్నాలు రోగులకు రిపోర్టులు వివరించడం మొదలుపెట్టాను. కారణం చెప్పకుండా అంకె ఇవ్వడం పూజారి తీర్థం ఇచ్చినట్టే అని పెద్ద మాట ఒకటి అనేదాన్ని. మిశ్రా సార్ అడ్డు చెప్పలేదు. "చెప్పండి, కానీ తెలిసినంతే చెప్పండి" అన్నారు. ఆ రెండో ముక్క నా చెవిన పడలేదు.

పిండి కథ

నూకరత్నం రాయ్‌పూర్ శివార్లలో, బీర్‌గావ్‌లో ఉండేది. శ్రీకాకుళం జిల్లా నుంచి మొగుడితో కలిసి వచ్చింది. అతను ఉర్ల ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసి మానేశాడు. ఆవిడ ఇంటి ముందు రేకుల షెడ్డులో మెస్ నడిపేది. మనవైపు నుంచి వచ్చిన కార్మికులు అక్కడే తినేవారు. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడమనే రేడియేషన్ అన్నీ అయ్యాయి. మిగిలింది రోజుకో చిన్న మాత్ర, ఏళ్ళ తరబడి. ఆవిడకు వచ్చిన రకం కేన్సర్ ఆడ హార్మోన్ సాయంతో పెరుగుతుంది. ముట్లుడిగిన తర్వాత కూడా ఒంట్లో ఆ హార్మోన్ కొంచెం తయారవుతూనే ఉంటుంది. ఈ మాత్ర ఆ తయారీని ఆపుతుంది. జబ్బు తిరిగి రాకుండా కాసే కాపలా అది.

రెండువేల పదమూడు ప్రాంతంలో ఒక మంగళవారం ఆవిడ రిపోర్టు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. కొలెస్ట్రాల్ రెండువందల డెబ్బై దాటింది. ఆ మాత్ర వేసుకునేవాళ్ళలో కొందరికి పెరుగుతుంది. తెలిసిన సంగతే.

"ఏటమ్మా, ఇంత పెరిగిపోనాది? నాను నూనె ముట్టుకోనే. మెస్సోళ్ళకి ఏసినంత నాకేసుకోను."

"నూనె వల్ల కాదు రత్నమ్మా, నీ మాత్ర వల్ల."

"మాత్ర వల్లెందుకు పెరుగుద్ది?"

అక్కడ నేను "డాక్టర్ని అడుగు" అనాల్సింది. లేదా "నాకు తెలీదు" అనాల్సింది. వంటావిడకు వంటింటి భాషలో చెప్పాలని నాకు ఉత్సాహం వచ్చింది.

"కొలెస్ట్రాల్ అంటే పిండి అనుకో. ఆ పిండితోనే నీ ఒళ్ళు హార్మోన్ చేస్తుంది. ఆ హార్మోన్ తినే నీ జబ్బు పెరిగింది. ఇప్పుడు ఈ మాత్ర వంటమనిషి చేతులు కట్టేసింది. వంట ఆగింది. పిండి మిగిలిపోతోంది. రక్తంలో పేరుకున్నది అదే."

ఆవిడ రిపోర్టు మడిచి కొంగున ముడేసుకుంది. "బాగా సెప్పినావమ్మా" అంది. పక్కనున్న ఇద్దరు కూడా తలూపారు. ఆ రోజు ఇంటికెళ్ళాక కూడా ఆ పిండి పోలిక తలుచుకుని మురిసిపోయాను.

మెచ్చుకున్న రోజు

ఆరు నెలల తర్వాత ఆవిడ రక్తం మళ్ళీ వచ్చింది. కొలెస్ట్రాల్ నూటతొంభై. మెషిన్ మీద అనుమానమొచ్చి, ముందే విలువ తెలిసిన కంట్రోల్ శాంపిల్ వేసి చూశాను, అంతా సరిగ్గానే ఉంది. రిపోర్టు నేనే చేతికిచ్చాను.

"శభాష్ రత్నమ్మా. ఎలా తగ్గించావు? నడుస్తున్నావా?"

ఆవిడ ముఖం వెలిగింది. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది.

"మాత్ర ఒగ్గేసినాను."

"ఏ మాత్ర?"

"అదే, పిండి మిగిల్చే మాత్ర. నువ్వు సెప్పిన్నాటి నుంచే ఒగ్గేసినాను."

నాకు ముందుగా వచ్చినది కోపం. "ఎవడు చెప్పాడు నీకు మానెయ్యమని? ఏ బాబా చెప్పాడు? ఏ పసరు మందువాడు?"

"బాబా ఎందుకు సెప్తాడు? నువ్వే సెప్పినావు గదా."

"నేను మానెయ్యమన్నానా?"

"అనలేదు. ఆ మాటొకటి అనాలా? నాకు వంట తెల్దా?" ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "జబ్బు తినే వంట ఆ పిండితోనే అవుద్దన్నావు. మాత్రేసుకుంటే పిండి పెరిగిపోతన్నాదన్నావు. పిండి గంపల కొద్దీ ఇంట్లో పెట్టుకుని వంటోడి సేతులు కట్టేసినాను అంటే, కట్టు ఊడిన్నాడు ఏటవుద్ది? ఆ పిండంతా ఒక్కసారే వండీడూ? పిండే లేకపోతే కట్టక్కర్లేదు గదా. మిగిలిన పిండి ఇంట్లో ఉంచితే పులిసిపోద్ది. ముప్పై ఏళ్ళు మెస్ నడిపినాను, ఆ మాత్రం తెలీదేటి."

మీరు నవ్వకండి. ఆ వాదంలో పొరపాటు ఎక్కడుందో వెతకండి. నేను వెతికాను. ఒక్క మెట్టు కూడా జారలేదు. నేనిచ్చిన మాటల మీద కూర్చుని, ఒక్క దేవుణ్ణీ తాయెత్తునూ పిలవకుండా, శుభ్రంగా ఆలోచించి ఆవిడ తన కాపలాని పంపించేసింది. జీవితమంతా నేను మూఢనమ్మకాల మీద కత్తి దూశాను. ఆ రోజు నా ముందు కూర్చున్నది మూఢనమ్మకం కాదు. నా ప్రసంగం.

అది ఒప్పుకునే బుద్ధి అప్పటికప్పుడు రాలేదు. గొంతు పెంచి వాదించాను. జబ్బు తిరిగొస్తే ఏం చేస్తావన్నాను. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను. ఆవిడ లేచి కొంగు సర్దుకుంది.

"అప్పుడొకటి సెప్పినావు, ఇప్పుడొకటి సెప్తన్నావు. ఏది నమ్మమంటావు? దేన్ని నమ్మినా తిట్లే."

డాక్టర్ని చూడకుండానే బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆరు నెలలుగా మాత్ర లేని మనిషి.

ఎవరు చూశారు

మిశ్రా సార్ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. పిండి కథతో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పిండి మిగలడం ఎవరు చూశారు?"

"అది... అలాగే ఉంటుంది కదా సార్."

"ఉంటుందా?"

ఆయన తిట్టలేదు. అలమారలోంచి పాఠ్యపుస్తకం తీసి బల్ల మీద పెట్టి కాంటీన్‌కి వెళ్ళిపోయారు. నేను కూర్చుని చదివాను. ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్ ముందు, హార్మోన్‌కి ఖర్చయ్యేది చిటికెడు. బస్తాలోంచి చిటికెడు పిండి తీయడం మానేస్తే బస్తా పొంగదు. మాత్ర వేసుకున్నప్పుడు కొలెస్ట్రాల్ పెరగడానికి వేరే కారణం చెబుతారు. లివర్ రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ని లాగేసుకునేటట్టు ఆ ఆడ హార్మోన్ సాయం చేస్తుంది. హార్మోన్ తగ్గితే లివర్ లాగడం తగ్గిస్తుంది, అందుకని రక్తంలో మిగులుతుంది. అది గుండెకు సంబంధించిన గొడవ, దానికి వేరే మందుంది. కేన్సర్‌కి తిండి పోగుపడడం కాదు.

అంటే నా పోలిక అందంగా ఉంది, అబద్ధంగా ఉంది. అందంగా ఉండబట్టే నేను సరిచూసుకోలేదు. జాతకం చెప్పేవాడు కూడా ఇలాగే మురుస్తాడు. తిలకం పెట్టుకున్న మనిషి పదమూడేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నను, తిలకం చెరిపేసిన నేను ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. ఆ సాయంత్రం నుంచి ఆయన గడపకు నమస్కారం పెడుతుంటే నాకు నవ్వు రాలేదు. ఆ నమస్కారంతో నాకు ఇప్పటికీ ఏకీభావం లేదు. ఆయన బుర్రతో ఉంది.

రేకుల షెడ్డులో

ఆదివారం ఆటో మాట్లాడుకుని, భన్‌పురి లారీల మధ్యనుంచి బీర్‌గావ్ వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. పదిమంది కార్మికులు బెంచీల మీద తింటున్నారు. చింతపండు పులుసు వాసన. నూకరత్నం గరిటె పట్టుకుని నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆవిడ భర్త అప్పలరాజు స్టూలు వేశాడు.

"తిను ముందు" అంది ఆవిడ. ఇంత అన్నం పెట్టి పులుసు పోసింది. నేను నాలుగు ముద్దలు తిని మొదలుపెట్టాను.

"రత్నక్కా, నువ్వన్నది నేను చెబుతాను. తప్పుంటే ఆపు. జబ్బు వంటకి పిండి కావాలి. మాత్ర పిండిని మిగులుస్తుంది. మిగిలిన పిండి ఎప్పటికైనా ప్రమాదం. పిండి తగ్గిస్తే జబ్బు తగ్గుతుంది. అందుకని మాత్ర మానేశావు. రక్తంలో పిండి తగ్గింది. అంటే నువ్వు చేసింది సరైనదేనని కాగితం కూడా చెప్పింది. ఇదేనా?"

గరిటె ఆగింది. "ఇదే. ఆ కాగితం నువ్వే మెచ్చుకున్నావు కూడా."

"మెచ్చుకున్నాను. ఇందులో నీ ఆలోచన తప్పు కాదు. మాత్ర పిండిని మిగులుస్తుందన్న ముక్క తప్పు. అది నీది కాదు, నాది. తెలియకుండా చెప్పాను."

తినేవాళ్ళలో ఒక నడివయసు మనిషి చెయ్యి ఆపి, "మేడమ్మలు కూడా తెలీకుండా సెప్తారేటి?" అన్నాడు.

"నువ్వు తినరా బావు" అంది నూకరత్నం. తర్వాత నా వైపు తిరిగింది. "అప్పుడు తప్పు సెప్పినావు. ఇప్పుడు సెప్పేది తప్పు కాదని నాకెలా తెలుసుద్ది?"

ఆదివారం కుర్చీల్లో ఇంత మంచి ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. దానికి ఈసారి పోలికలేవీ వెతకలేదు.

"నా మాట మీద నమ్మకు. మాత్ర ఎందుకు పనిచేస్తుంది, కొలెస్ట్రాల్ ఎందుకు పెరుగుతుంది అన్నవాటి మీద నేను మళ్ళీ తప్పు చెప్పొచ్చు. రేపు పెద్ద డాక్టర్లు కూడా మాట మార్చుకోవచ్చు. కానీ నీలాంటి జబ్బున్న ఆడవాళ్ళను, ఇలాంటి మాత్ర వేసుకున్నవాళ్ళను కొందరినీ, వేసుకోనివాళ్ళను కొందరినీ ఏళ్ళ తరబడి చూశారు. వేసుకున్నవాళ్ళలో తక్కువమందికి జబ్బు తిరిగొచ్చింది. ఎందుకన్నది మాట. తిరిగొచ్చిందా రాలేదా అన్నది కంటితో చూసింది. నువ్వు వాళ్ళు కంటితో చూసినదాన్ని పట్టుకో."

"యేసుకున్నోళ్ళలో ఎవులికీ రానేదా?"

"కొందరికి వచ్చింది. తక్కువమందికి."

అప్పలరాజు నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఆరు నెలలు పోయినాయి కదమ్మా. ఇప్పుడేసుకుని లాభమేటి?"

"తెలీదు. అది డాక్టరు చెప్పాలి, పరీక్షలు చేసి."

ఆ "తెలీదు" బయటికి రావడానికి నాకు చాలా కష్టమైంది. దాన్ని విన్నాక నూకరత్నం మొహంలో మొదటిసారి కొంచెం నమ్మకం కనిపించింది. చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"వస్తాను. ఒక్కటి. ఆ డాక్టరు నోరు మంచిది కాదు. మాత్రెందుకు ఒగ్గేసినావని నన్ను తిడతాడు. నువ్వు నా కూడా వచ్చి, నాను సెప్పినాను అని నువ్వే సెప్పాల. ఆ తిట్లు నువ్వు తినాల."

"తింటాను."

"పులుసు సల్లారిపోతన్నాది. ముందది తిను."

తిట్లు

తిన్నాను. బాగా తిన్నాను. కేన్సర్ డాక్టరు గదిలో ఇద్దరు జూనియర్లు, ఒక నర్సు ఉన్నారు. ఆయన రిపోర్టు చూసి, ఆవిడను చూసి నోరు తెరిచేలోపే తప్పు నాదని నేను చెప్పేశాను. ఆయన నా మీద పడ్డారు, లాబ్ వాళ్ళు లాబ్‌లో ఉండాలని, వంటింటి ప్రవచనాలు గుడి మెట్ల మీద చెప్పుకోవాలని, ఒక రోగిని ఆరు నెలలు మందు లేకుండా ఉంచినందుకు నన్ను బెంచీ ఎక్కించాలని అన్నారు. గుడి మెట్లన్న మాటే నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే అది సరిగ్గానే తగిలింది. నూకరత్నం మధ్యలో కల్పించుకుని వచ్చీరాని హిందీలో, "బస్ కరో డాక్టర్ సాబ్, ఆవిడ ఇంటికి కూడా ఆయీ" అంది, ఇక చాలించమని. నర్సు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళింది.

స్కాన్లు చేశారు. ఆ ఫలితాలు వచ్చేవరకూ నాలుగు రోజులు నేను సరిగ్గా తినలేదు. ఇందులో గొప్పేమీ లేదు. ఆవిడ ఒంట్లో ఏదైనా కనిపిస్తే అది నా మాట వల్ల వచ్చిందా, ఎలాగూ వచ్చేదా అని తేల్చే పరీక్ష ఏ లాబ్‌లోనూ లేదు. జీవితాంతం తేలని లెక్క మోయాల్సి వచ్చేది. ఏమీ కనిపించలేదు. ఆ రోజే మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. కొలెస్ట్రాల్ కోసం, గుండె కోసం, ఇంకో మాత్ర చేర్చారు.

మూడు నెలలకు వచ్చి, కొలెస్ట్రాల్ మళ్ళీ కాస్త పెరిగిన రిపోర్టు చూసి, "పెరిగినాదా? అయితే మాత్ర బాగా పన్జేస్తన్నాదన్నమాట" అంది. లేదక్కా, అలా కూడా చెప్పలేం అన్నాను. "నీతో సచ్చే సావొచ్చినాది. ఏదీ సెప్పలేవు" అంది. ఆ తిట్టు నాకు ఏ ప్రశంసాపత్రం కన్నా బాగుంది.

ఇంకా తేలనివి

కొత్తగా చేరుతున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇప్పుడు గాలి తిరిగింది. కేన్సర్ కణాలు కొలెస్ట్రాల్‌ని ఎలా వాడుకుంటాయో, దాన్ని తగ్గించే మాత్రలు కేన్సర్ చికిత్సలో కూడా సాయపడతాయేమో అని ప్రపంచమంతా పరిశోధిస్తున్నారు. మంచి ప్రశ్న. జవాబు ఇంకా పూర్తిగా రాలేదు. కొన్ని చోట్ల ఆశ కనిపించింది, కొన్ని చోట్ల కనిపించలేదు. కానీ ఫోన్లలో జవాబు ఎప్పుడో వచ్చేసింది. కొలెస్ట్రాల్ మాత్రతో కేన్సర్ మాయమని ఒకడు, నెయ్యి తాగితే మాయమని ఇంకొకడు, ఉపవాసంతో మాయమని మూడోవాడు. ముగ్గురూ మీ కౌంటరు దగ్గరికి రోగి రూపంలో వస్తారు. మీ పని ముగ్గుర్నీ వెక్కిరించడం కాదు. వాళ్ళ వాదాన్ని వాళ్ళు ఒప్పుకునేలా మీరు చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగాక తెలిసినంత చెప్పండి. గుండె జబ్బు కోసం డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రను గుండె కోసమే వేసుకోమనండి. కేన్సర్ మందును డాక్టర్ని అడగకుండా ఏ అంకె చూసీ మానొద్దనండి. పోలికలు చెప్పాలని నాలుక దురదపెడితే, ఆ పోలిక విన్న మనిషి ఇంటికెళ్ళి దాంతో ఏం చేస్తాడో ఆయన చేతే చెప్పించుకుని పంపండి. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను ఈ పద్ధతే పాటించాను. బల్ల ఎత్తెయ్యలేదు. ప్రసంగం మానేశాను. "ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చేస్తావు?" అని అడగడం మొదలుపెట్టాను. వచ్చిన జవాబులు విని చాలాసార్లు నిర్ఘాంతపోయాను, సకాలంలో.

నాకీ ఉద్యోగం మీద ఫిర్యాదులు లేవు. ఎవరి ప్రాణాన్నీ నేను కాపాడానని అనను. కొందరికి అడ్డు రాకుండా ఉండడం నేర్చుకున్నాను, అది తక్కువేమీ కాదు.

నూకరత్నం మాత్రల కోర్సు పూర్తయింది. చివరిసారి పరీక్షించినప్పుడు డాక్టరు ఇక మాత్ర అక్కర్లేదని రాశారు. ఆవిడ ఆ చీటీ పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికే అక్కడ బలౌదాబజార్ వైపు నుంచి వచ్చిన ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ కూర్చుని ఉంది. అదే జబ్బు, అదే మాత్ర, చేతిలో కొలెస్ట్రాల్ పెరిగిన రిపోర్టు. నేను నోరు విప్పేలోపే నూకరత్నం ఆవిడ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి, తనకొచ్చిన ఛత్తీస్‌గఢీలో, "గోలీ ఝన్ ఛోడ్‌బే" అంది. మాత్ర మానొద్దని.

ఎందుకు పెరిగిందని ఆ కొత్తావిడ అడిగింది. నూకరత్నం తెలీదంది. డాక్టర్ని అడగమంది.

కొత్తావిడ అనుమానంగా నన్ను చూపించి, మరి ఈ మేడమ్ చెబుతారు కదా అంది.

"ఈవిడ సెప్పినా సరే" అంది నూకరత్నం తెలుగులోనే, నాకు వినపడాలని. తర్వాత ఆవిడ కోసం వాళ్ళ భాషలో తిప్పి చెప్పింది. "ఈవిడ సెప్పినా డాక్టర్ని అడక్కుండా మానకు. ఈవిడ మంచిదే. కానీ డాక్టర్ని అడుగు."

నేను ఆ మాటను ఖండించలేదు. డాక్టరు గది ఎటువైపో ఆ కొత్తావిడకు చూపించాను.